పిచ్ వాటా, మనిషి వాటా

టీవీలో మీకు ఆట చూపించే పెద్ద కెమెరా ఉండే చోటే నేనూ కూర్చుంటాను. బౌలర్ చేతి వెనక, సైట్ స్క్రీన్‌కు కాస్త పైన. పెద్ద స్టేడియమైతే అక్కడ గది ఉంటుంది. చిన్న మైదానమైతే ఇనుప గొట్టాలతో కట్టిన మంచె, పైన ఓ షామియానా గుడ్డ. ముందు ట్రైపాడ్, ఒళ్లో ల్యాప్‌టాప్. ప్రతి బంతికీ వరసగా మీటలు నొక్కుతూ పోవాలి: ఎక్కడ పడింది, ఎటు తిరిగింది, ఎంత లేచింది, బ్యాటర్ ముందుకొచ్చాడా వెనక్కి వెళ్లాడా, బ్యాట్‌కు ఎక్కడ తగిలింది. రంజీ మ్యాచ్‌లో రోజుకు 90 ఓవర్లు. సాయంత్రం కుర్రాళ్లు హోటల్‌కు వెళ్లి ఐస్ బాత్‌లో కూర్చుంటే నేను వీడియో ముక్కలు కత్తిరిస్తూ కూర్చుంటాను. దీన్ని వీడియో అనలిస్ట్ ఉద్యోగం అంటారు. మా బంధువుల్లో చాలామందికి మాత్రం నేను 'క్రికెట్ వాళ్ల దగ్గర కంప్యూటర్ పని' చేస్తాను. అదీ తప్పేం కాదు.

అన్ని మీటల్లోకీ నేను ఆలోచించి నొక్కేది ఒకటే. ఆ బంతి బ్యాటర్ అదుపులో ఉందా, లేదా? ఎడ్జ్ తీసుకుని స్లిప్ పక్కనుంచి పోయిన ఫోర్ స్కోరు పుస్తకంలో ఫోరే. నా పట్టికలో అది బ్యాటర్ ఓడిన బంతి. బ్యాట్‌ను దాటి కీపర్ చేతుల్లో పడ్డది స్కోరర్‌కు ఒక చుక్క, నాకు ఒక ప్రశ్న. ఆ బంతి గెలిచింది బౌలర్ వల్లా, పిచ్ వల్లా?

ఈ ప్రశ్న దగ్గరే నా ఉద్యోగం ఉంది. కోచ్‌లూ సెలక్టర్లూ ఎన్ని మాటలు చెప్పినా చివరికి అడిగేది, "వీడు అక్కడ పనికొస్తాడా?" అని. 'అక్కడ' అంటే ఇంకో ఊరు, ఇంకో మట్టి, ఇంకో రకం బంతి. జవాబు చెప్పాలంటే ఇక్కడ తీసిన వికెట్లలోంచి, ఇక్కడ చేసిన పరుగుల్లోంచి పిచ్ వాటాను తీసేయాలి. మిగిలిందే మనిషిది. ఆ తీసివేతకు సూత్రం లేదు. ఉందని చెప్పే సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్లు ఏటా వచ్చి కలుస్తూనే ఉంటారు.

సగటులు చూసి తేల్చేయొచ్చుగా అంటారు. చూద్దాం. ముత్తయ్య మురళీధరన్ 133 టెస్టుల్లో 800 వికెట్లు తీశాడు, సగటు 22.72. అదే మురళి ఆస్ట్రేలియాలో ఐదు టెస్టులు ఆడి తీసింది 12 వికెట్లు, సగటు 75.41. షేన్ వార్న్ వికెట్లు మొత్తం 708. భారత్‌లో తొమ్మిది టెస్టుల్లో 34, సగటు 43.11. టీ కొట్టు దగ్గర తీర్పు ఒక్క నిమిషంలో వచ్చేస్తుంది: మురళి ఇంట్లో పులి, వార్న్‌కు మనవాళ్లు సినిమా చూపించారు.

ఆ అంకెల లోపలికి వెళ్తే కథ వేరు. మురళి ఆస్ట్రేలియాలో ఆడిన ఐదింటిలో రెండు 1995 డిసెంబరువి. మెల్‌బోర్న్‌లో చేయి వంచి విసురుతున్నాడని అంపైర్ డారెల్ హెయిర్ మళ్లీ మళ్లీ నోబాల్ ఇచ్చిన మ్యాచ్ అందులో ఒకటి. అప్పటికి మురళి వయసు 23. ఇంకోటి 2005లో వరల్డ్ ఎలెవన్ తరఫున ఆడింది. మిగతా రెండు 2007లో, 35 ఏళ్ల వయసులో. ఈ ఐదింటినీ ఒక్క గంపలో వేసి 75.41 అంటే, ఆ అంకె ఏ మురళిది? వార్న్ 1998లో భుజం అరిగిపోయి వచ్చాడు, సిరీస్ అయ్యాక ఆపరేషన్ చేయించుకున్నాడు. 2001లో వేలు విరిగి మానాక వచ్చాడు. ఒళ్లు బాగున్న 2004లో మూడు టెస్టుల్లో 14 వికెట్లు తీశాడు, సగటు 30. చెపాక్‌లో ఒక్క ఇన్నింగ్స్‌లోనే 125 పరుగులకు ఆరు. కాబట్టి వార్న్ భారత్‌లో పనికిరాడన్న మాట నేను రాయను. ఆరోగ్యంగా ఉన్న వార్న్‌ను కూడా మనవాళ్లు మిగతావాళ్లకంటే బాగా ఆడారని రాస్తాను. మురళి విషయంలో ఆ మాత్రం కూడా రాయలేను. చూసింది చాలదు.

నా లెక్కలో అనిల్ కుంబ్లేది ఇంతకంటే మంచి ఉదాహరణ. మనిషి ఒకడే, దేశం ఒకటే. 1999-2000లో ఆస్ట్రేలియాలో మూడు టెస్టుల్లో ఐదు వికెట్లు, సగటు 90. నాలుగేళ్ల తర్వాత అదే దేశంలో మూడు టెస్టుల్లో 24 వికెట్లు: అడిలైడ్‌లో ఆరు, మెల్‌బోర్న్‌లో ఆరు, సిడ్నీలో పన్నెండు. ఆ నాలుగేళ్లలో ఆస్ట్రేలియా మట్టి మారిపోలేదు. రెండు సిరీస్‌ల వీడియోలూ పక్కపక్కన పెట్టి మా స్పిన్నర్లకు చూపిస్తుంటాను. మొదటి దాంట్లో కుంబ్లే దిల్లీలో వేసినట్టే వేగంగా, స్టంప్స్ మీదికి వేస్తున్నాడు. మన దగ్గర ఆ బంతి తక్కువ ఎత్తులో జారి ప్యాడ్‌కు తగులుతుంది. అక్కడ మోకాలి పైకి లేచి, బ్యాటర్‌కు వెనక్కి వెళ్లి కొట్టే వీలిస్తుంది. రెండో దాంట్లో కొన్ని బంతులు నెమ్మదించాడు, గూగ్లీ ఎక్కువ వాడాడు, బౌన్స్‌ను శత్రువు అనుకోకుండా వాడుకున్నాడు. మనిషి వాటా అంటే నా ఉద్దేశం ఇదే. పిచ్ ఇవ్వనిదాన్ని బౌలర్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడు?

బంతి సంగతి కూడా చెప్పాలి. ఎందుకో చూసేవాళ్లు దీన్ని పట్టించుకోరు. మన దేశంలో ఎస్‌జీ బంతి. దాని కుట్టు చేత్తో వేస్తారు, లావుగా పైకి ఉంటుంది, చాలా ఓవర్లు అలాగే నిలబడుతుంది. స్పిన్నర్ వేళ్లకు పట్టు దొరుకుతుంది, కుట్టు మీద పడ్డ బంతి నేలను కరుస్తుంది. ఆస్ట్రేలియాలో కూకబుర్రా. దాని కుట్టు కొన్ని ఓవర్లకే అణిగిపోతుంది. ఇంగ్లండ్‌లో డ్యూక్స్. మన లీగుల్లో ఎస్‌జీతో పక్కకు తిప్పడం మీదే బతికిన కుర్రాడికి కూకబుర్రా ఇస్తే చేతిలో సబ్బుముక్కలా ఉంటుంది. ఆస్ట్రేలియాలో నిలదొక్కుకున్న నేథన్ లయన్‌ను చూస్తే తేడా తెలుస్తుంది. పక్కకు తిప్పడం కంటే పైనుంచి ముందుకు దొర్లించడం మీద ఎక్కువ ఆధారపడతాడు. బంతి గాల్లో ఒక్కసారిగా కిందికి దిగి, పడ్డాక లేస్తుంది. అందుకే అతనికి షార్ట్ లెగ్‌లో క్యాచ్‌లు దొరుకుతాయి. లయన్ మొదట అడిలైడ్ ఓవల్‌లో పిచ్ తయారుచేసే సిబ్బందిలో పనిచేసినవాడు. మట్టి గురించి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మ్యాచ్ రోజు పొద్దున్నే నేనూ పిచ్ దగ్గరికి వెళ్తాను. టీవీలో వ్యాఖ్యాతలు తాళంచెవి పెట్టి పగుళ్లలో గుచ్చుతుంటారు. పగులు చూడటానికి బాగుంటుంది కానీ నాకు దానికంటే ముఖ్యమైనవి రెండున్నాయి. ఒకటి, మట్టి రంగు. ఎర్రమట్టి పిచ్ మీద బంతి ఎత్తుగా, చురుగ్గా వస్తుంది, ఎండకు పొడిబారితే పైపొర లేచిపోతుంది. నల్లమట్టి బంకగా పట్టి ఉంచుతుంది. దాని మీద బంతి నెమ్మదిగా, కిందగా వస్తుంది. రెండోది, పడ్డాక బంతి ఎంత త్వరగా వస్తోంది అన్నది. చూసేవాళ్లు ఎంత తిరిగిందని అడుగుతారు. ఆడేవాడిని చంపేది ఎంత తిరిగిందన్నది కాదు, ఎంత వేగంగా తిరిగిందన్నది. బెత్తెడు తిరిగినా నెమ్మదిగా వస్తే వెనక్కి వెళ్లి చూసి ఆడుకోవచ్చు. రెండు వేళ్ల మందం తిరిగినా చురుగ్గా వస్తే బ్యాట్ అంచు దొరికిపోతుంది.

పుణెలో ఏడేళ్ల తేడాతో జరిగిన రెండు టెస్టులను నేను ఎన్నిసార్లు చూపించానో. 2017 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ఎడమచేతి స్పిన్నర్ స్టీవ్ ఒకీఫ్ రెండు ఇన్నింగ్స్‌లలోనూ సరిగ్గా 35 పరుగులకు ఆరేసి వికెట్లు తీశాడు. మనం 105, 107. మొదటి ఇన్నింగ్స్‌లో ఆఖరి ఏడు వికెట్లు 11 పరుగులకే పోయాయి. ఒకీఫ్ బంతులన్నీ వరసగా పెట్టి చూస్తే అంత భయంకరంగా తిరిగేవి వికెట్లు తియ్యలేదు. అవి బ్యాట్‌ను దాటి పోయాయి. వాటిని చూసి జడిసిన బ్యాటర్‌కు తర్వాత వచ్చిన మామూలు బంతి తిరగలేదు. రెండో ఇన్నింగ్స్‌లో విరాట్ కోహ్లీ తిరుగుతుందని వదిలేసిన బంతి తిన్నగా వచ్చి స్టంప్స్‌ను తాకింది. ఏ బంతి తిరుగుతుందో వేసినవాడికీ తెలియని పిచ్ అది. ఐసీసీ దాన్ని నాసిరకం పిచ్ అంది. సరే, ఆ పన్నెండు వికెట్లలో ఒకీఫ్ వాటా ఎంత? సిరీస్ మొత్తంలో అతను తీసింది 19. అంటే తర్వాతి మూడు టెస్టుల్లో ఏడు. ఒకీఫ్ చేసిన గొప్ప పని ఒకటుంది, దాన్ని తీసెయ్యను: ఒకే చోట, ఒకే వేగంతో వేస్తూ పిచ్‌ను దాని పని చేసుకోనిచ్చాడు. పిచ్ సాయం చేస్తున్నప్పుడు అతి తెలివి చూపించకపోవడం కూడా నైపుణ్యమే. మన స్పిన్నర్లు చాలామంది అక్కడే పాడైపోతారు. కానీ అది పుణె దాటి ప్రయాణం చేసే నైపుణ్యం కాదు.

అదే పిచ్ మీద స్టీవ్ స్మిత్ రెండో ఇన్నింగ్స్‌లో 109 కొట్టాడు. క్యాచ్‌లు జారాయి, అదృష్టం కలిసొచ్చింది, నిజమే. అయితే తర్వాత రాంచీలో 178 నాటౌట్, ధర్మశాలలో 111. సిరీస్‌లో మొత్తం 499. మట్టి మారినా పరుగులు ఆగలేదు. ఒకే మ్యాచ్‌లో ఇద్దరు హీరోలు. మూడు ఊళ్లు తిరిగాక ఒకరిది పిచ్ లెక్కలోకి ఎక్కువ పోయింది, ఇంకొకరిది మనిషి లెక్కలోనే ఉండిపోయింది.

2024 అక్టోబరు పుణె టెస్టు ఇంకా ఆసక్తికరం. న్యూజిలాండ్ స్పిన్నర్ మిచెల్ శాంట్నర్ అప్పటిదాకా టెస్టుల్లో ఒక్కసారి కూడా ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసినవాడు కాదు. ఇక్కడ మొదటి ఇన్నింగ్స్‌లో 53కు ఏడు, రెండో దాంట్లో 104కు ఆరు. పిచ్ పుణ్యం అనేద్దామా? అదే పిచ్ మీద మన వాషింగ్టన్ సుందర్ కూడా 59కి ఏడు, 56కు నాలుగు తీశాడు కాబట్టి అనొచ్చు. కానీ కోహ్లీ వికెట్ చూడండి. ఫుల్‌టాస్. పిచ్‌ను తాకనే లేదు. బంతి నేల మీద పడలేదు కాబట్టి పిచ్ వాటా సున్నా అని నొక్కేస్తే పట్టిక అబద్ధం చెబుతుంది. అంతకుముందు పడ్డ బంతుల వల్లే కదా ఆ బ్యాటర్ మనసులో పిచ్ అంత పెద్దగా కూర్చుంది! శాంట్నర్ వేగం కూడా మారుస్తూ పోయాడు. నెమ్మది పిచ్ మీద బంతిని మరీ నెమ్మదిగా వేస్తే బ్యాటర్ వెనక్కి వెళ్లి కొడతాడని అందరూ భయపడతారు. శాంట్నర్ భయపడలేదు. అందుకే ఆ పదమూడింటిలో మనిషి వాటా ఒకీఫ్‌ పన్నెండింటిలో కంటే ఎక్కువని నేనంటాను. వేరేవాళ్లు ఒప్పుకోరు. మా బౌలింగ్ కోచ్ అసలే ఒప్పుకోడు.

బ్యాటర్లను చూడటం నాకు నేర్పింది ఒక పెద్దాయన. నేను హైదరాబాద్ లీగుల్లో స్కోరర్‌గా ఉన్నప్పుడు జింఖానాలో నా పక్క కుర్చీలో కూర్చునేవాడు. గులాం అహ్మద్ మొదలు శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ దాకా ఆఫ్ స్పిన్నర్లను కన్న నగరం కాబట్టి అక్కడ స్పిన్ గురించి మాట్లాడటానికి ప్రతివాడికీ అర్హత ఉందనుకుంటారు. ఆయనకు నిజంగానే ఉంది. "బంతిని చూడకు బేటా, అది ఎక్కడికీ పోదు. కాళ్లు చూడు," అనేవాడు.

స్పిన్నర్ చేతిలోంచి బంతి విడిచిన వెంటనే బ్యాటర్ కాలు ఒకటి కదులుతుంది. ఆ మొదటి అడుగు తిన్నగా ముందుకు పడి బంతి పడ్డ చోటికి వెళ్తే, తిరిగేలోపే బ్యాట్ తగులుతుంది. లేదా బాగా వెనక్కి, క్రీజు లోతుకు పోతే, తిరిగాక చూసి ఆడే సమయం దొరుకుతుంది. ఈ రెండిటికీ మధ్యలో, అటూ ఇటూ కాకుండా నిలబడిపోయినవాడు ఎన్ని పరుగులు చేసినా నా పట్టికలో అప్పుల్లో ఉన్నట్టే. జిల్లా మ్యాచ్‌లలో నెమ్మది పిచ్ వాడిని కాపాడుతుంది. ఎర్రమట్టి మీద ఒక్క గంటలో బయటపడిపోతాడు.

వీవీఎస్ లక్ష్మణ్ 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద ఫాలోఆన్ ఆడుతూ చేసిన 281 గురించి ఎవరు ఏం చెప్పినా కొత్తగా ఉండదు. రాహుల్ ద్రవిడ్ 180, ఇద్దరి మధ్య 376. అందరికీ కంఠతా వచ్చు. నా మటుకు నాకు ఆ ఇన్నింగ్స్‌లో కావలసింది వార్న్ లెగ్ స్టంప్ బయట రఫ్‌లో, అంటే బౌలర్ల బూట్లు గీరిన గరుకు చోట, వేసిన బంతులే. అక్కడ పడ్డ లెగ్ బ్రేక్‌ను కుడిచేతి బ్యాటర్ ప్యాడ్‌తో ఆపుకుంటాడు, లేదా స్వీప్ చేస్తాడు. లక్ష్మణ్ ముందుకు దిగి ఒక బంతిని కవర్స్ వైపు, అదే చోట పడ్డ ఇంకో బంతిని తిరిగే దిశకు ఎదురుగా మిడ్‌వికెట్ వైపు కొట్టాడు. ఒకే చోట పడ్డ బంతికి రెండు వైపులా జవాబుంటే బౌలర్ ఫీల్డర్లను ఎక్కడ పెట్టుకోవాలి? వార్న్ ఆ ఇన్నింగ్స్‌లో 34 ఓవర్లకు 152 పరుగులిచ్చి ఒక్క వికెట్ తీశాడు. పిచ్ తిరగలేదా అంటే, మర్నాడు హర్భజన్ సింగ్‌కు బాగానే తిరిగింది. ఆ సిరీస్‌లో మూడు టెస్టుల్లో హర్భజన్ 32 వికెట్లు తీశాడు, వార్న్ 10.

అదే సిరీస్‌లో మాథ్యూ హేడెన్ 549 పరుగులు చేశాడు. అతనిది లక్ష్మణ్ దారి కాదు. మోకాలు నేలకానించి స్వీప్, మళ్లీ స్వీప్. 'స్పిన్‌ను ఇలా ఆడాలి' అని ఒకే పాఠం చెప్పే కోచింగ్ పుస్తకాలంటే నాకు అందుకే పడదు. స్వీప్ మంచిదా కాదా అనేది బంతి ఎత్తు చెబుతుంది. కిందగా వచ్చే పిచ్ మీద స్వీప్ చేసేవాడు తెలివైనవాడు, వెనక్కి వెళ్లేవాడు ఎల్బీడబ్ల్యూకు దారి వేసుకుంటున్నట్టు. బంతి లేచే చోట ఇది తలకిందులు. అక్కడ స్వీప్ చేస్తే బ్యాట్ పై అంచు తగిలి గాల్లోకి లేస్తుంది, వెనక్కి వెళ్లేవాడికి కట్ దొరుకుతుంది. మరి మన కుర్రాడు ఉప్పల్‌లో బాగా స్వీప్ చేశాడంటే పెర్త్‌కు పనికొస్తాడనా, రాడనా? రెండూ కాదు. వాడి దగ్గర రెండో ఆయుధం ఉందో లేదో చూడాలి.

ఉప్పల్ అన్నాను కాబట్టి 2024 జనవరి. అక్కడ ఇంగ్లండ్‌తో జరిగిన టెస్టుకు నేను ఉద్యోగం మీద వెళ్లలేదు, టికెట్ కొనుక్కుని స్టాండ్‌లో కూర్చున్నాను. అలవాటు పోదు కదా, నోట్‌బుక్ ఒళ్లోనే ఉంది. ఇంగ్లండ్ కొత్త స్పిన్నర్ టామ్ హార్ట్‌లీ టెస్టుల్లో వేసిన మొట్టమొదటి బంతినే యశస్వి జైస్వాల్ సిక్స్ కొట్టాడు. ఆ రోజు ఆట ముగిసేసరికి హార్ట్‌లీ తొమ్మిది ఓవర్లు, 63 పరుగులు, వికెట్ లేదు. నా చుట్టూ ఉన్నవాళ్లు వాడి పని అయిపోయిందన్నారు. నాలుగో రోజు అతను 62 పరుగులకు ఏడు వికెట్లు తీసి, 190 పరుగుల ఆధిక్యం ఉన్న మనల్ని 28 పరుగుల తేడాతో ఓడించాడు. పిచ్ ముదిరింది, అది పిచ్ వాటా. హార్ట్‌లీ పొడగరి, చేయి నిటారుగా వస్తుంది, పాత పిచ్ మీద ఆ ఎత్తు నుంచి వచ్చే బంతి ఇబ్బంది పెడుతుంది, అది మనిషి వాటా. ఇంకో వాటా ఉంది, నా సాఫ్ట్‌వేర్‌లో దానికి మీట లేదు. తొలి రోజు అంత కొట్టించుకున్నా బెన్ స్టోక్స్ ఆ కుర్రాడి చేతిలోంచి బంతి లాక్కోలేదు. కెప్టెన్ వాటా. మన దగ్గర రంజీల్లో ఓ కొత్త స్పిన్నర్ రెండు ఓవర్లలో పాతిక ఇస్తే మళ్లీ బంతి చేతికి రావడం మర్నాడే.

ఇంగ్లండ్ బ్యాటర్ ఒలీ పోప్ ఆ మ్యాచ్‌లో 196 కొట్టాడు. రివర్స్ స్వీప్‌లతో మన స్పిన్నర్ల లెంగ్త్ చెడగొట్టాడు. 110 దగ్గర క్యాచ్ వదిలేశారు. గొప్ప ఇన్నింగ్స్, కళ్లారా చూసినందుకు టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యాయి. ఆ సిరీస్‌లో అతని మొత్తం 315. ఉప్పల్ రెండో ఇన్నింగ్స్ తీసేస్తే మిగతా తొమ్మిది ఇన్నింగ్స్‌లలో కలిపి 119. హార్ట్‌లీ మాత్రం సిరీస్ చివరికి 22 వికెట్లు తీశాడు. అంటే ఆ రోజు ఉప్పల్‌లో ఎక్కువ చప్పట్లు పడ్డ వాడికంటే, మొదటి రోజు నవ్వులపాలైన వాడే దేశమంతా తిరిగి ఎక్కువ మిగుల్చుకున్నాడు.

పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ పోల్చమని అడిగేవాళ్లకు నేను డీఆర్ఎస్, అంటే అంపైర్ నిర్ణయాన్ని టీవీలో సరిచూసే పద్ధతి, గుర్తుచేస్తాను. 1987లో బెంగళూరులో పాకిస్తాన్ మీద సునీల్ గవాస్కర్ తన చివరి టెస్టులో చేసిన 96 నా దృష్టిలో స్పిన్ పిచ్ మీద మనవాళ్లు ఆడిన అత్యుత్తమ ఇన్నింగ్స్‌లలో ఒకటి. ఇక్బాల్ ఖాసిం, తౌసీఫ్ అహ్మద్ ఇద్దరూ మ్యాచ్‌లో చెరి తొమ్మిది వికెట్లు తీశారు. మనం 16 పరుగులతో ఓడిపోయాం. తిరిగే బంతిని వెంటాడకుండా, బ్యాట్ పట్టు వదులు చేసి బంతిని కాళ్ల దగ్గరే పడేసుకోవడం చూడాలంటే ఆ వీడియో చూడాలి. అయితే ఆ రోజుల్లో ముందు ప్యాడ్ బాగా చాచి, బ్యాట్‌ను దాని వెనక దాచుకుంటే అంపైర్ వేలెత్తేవాడు కాదు. ఆ తరం బ్యాటర్లంతా అంపైర్లు ఇచ్చిన ఆ రక్షణలోనే పెరిగారు. మన దేశంలో 2016 ఇంగ్లండ్ సిరీస్ నుంచి డీఆర్ఎస్ వచ్చింది. ఇప్పుడు ప్యాడ్ ముందుకు పెడితే స్క్రీన్ మీద మూడు ఎర్ర గుర్తులు పడతాయి. తిరగని బంతికి విలువ పెరిగింది. రవీంద్ర జడేజా లాంటివాళ్లు స్టంప్స్ మీదికి వేగంగా వేసి బతికే రోజులివి. ఇప్పటి బ్యాటర్ సగటు తగ్గితే చేతకాదనడానికి ముందు ఇది తీసెయ్యాలి.

నా పట్టికకూ హద్దులున్నాయి. దేశవాళీ మ్యాచ్‌లు చాలావాటిలో నాకున్నది ఒక్క కెమెరా. వెనక నుంచి చూస్తే బంతి ఎక్కడ పడిందో తెలుస్తుంది కానీ గాల్లో ఎంత దిగిందో సరిగా తెలియదు. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో బంతి దారిని లెక్కగట్టే హాక్‌ఐ చెప్పే వివరాలు మాకు అందవు. కాబట్టి స్పిన్నర్ గాల్లో ఏం చేశాడో బ్యాటర్ ఒంటి మీద చదువుకోవాలి. తల పైకి లేచిందా? ముందుకు వేసిన అడుగు చివర్లో ఆగి, చేతులు బంతి కోసం వెతుక్కున్నాయా? అలా వెతుక్కున్న బంతికి ఫోర్ పోయినా బౌలర్ ఖాతాలో మార్కు వేస్తాను. పిచ్ తాకకముందే బ్యాటర్‌ను ఓడించిన బంతి ఏ ఊళ్లోనైనా ఓడిస్తుంది.

పరుగులు లేని గొప్పతనానికి హనుమ విహారి సిడ్నీ ఇన్నింగ్స్ చాలు. 2021 జనవరి, తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో 161 బంతులాడి 23 నాటౌట్. అవతల అశ్విన్ 128 బంతుల్లో 39 నాటౌట్. సగటు లెక్కల్లో ఆ 23కు ఏ విలువా లేదు. మా ఆంధ్రా కుర్రాళ్లకు లయన్‌ను ఎలా ఎదుర్కోవాలో చెప్పాల్సి వస్తే సెంచరీల కంటే ముందు ఆ 23 చూపిస్తాను. ఐదో రోజు పిచ్, చుట్టూ మూగిన ఫీల్డర్లు, పరుగు తీసి అవతలి వైపు పోయే వీలు కూడా లేదు.

ఈ సీజన్‌లో మాకు ఓ ఎడమచేతి స్పిన్నర్ వచ్చాడు. జిల్లా మ్యాచ్‌ల్లో వికెట్లే వికెట్లు. ఆ వికెట్లు పడ్డ మైదానాలు నాకు తెలుసు. రోలర్ సరిగా తిరగని, మధ్యాహ్నానికి దుమ్ము లేచే పిచ్‌లు. మూలపాడు మైదానంలో ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టి, గడ్డి మీద రోలర్ గట్టిగా తిప్పించిన చదును పిచ్ ఇమ్మన్నాను. కుర్రాడికి వికెట్ పడలేదు. లంచ్‌లో నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నా వీడియో చూపియ్యవా? ఇవాళ బంతి తిరగట్లేదన్నా."

"తిరగదు. తిరగకూడదనే ఈ పిచ్ అడిగా."

వాడు నావైపు అదోలా చూశాడు. అది నేనే చేయించానని తెలిశాక వాడికి నామీద కోపం రావడం సహజం. వీడియో పెట్టాను. మొదటి ఆరు ఓవర్లు ఒకే వేగం, ఒకే చోటు నుంచి. ఏడో ఓవర్లో ఫోర్ కొట్టించుకున్నాక క్రీజులో ఓ అడుగు పక్కకు జరిగి వేశాడు. తర్వాతి బంతి కాస్త పైకి, నెమ్మదిగా. బ్యాటర్ ముందుకొచ్చి ఆగిపోయాడు, చేతులు బంతి కోసం వెతుక్కున్నాయి, మిడాన్ పక్కన పడింది. ఒక్క పరుగు.

"ఇదెవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదన్నా. కొట్టాడు కదా అని..."

సెలక్షన్ మీటింగ్‌కు నేను పంపే కాగితంలో ఆ రోజు వాడి అంకెలు ఘోరంగా ఉన్నాయి: 21 ఓవర్లు, 74 పరుగులు, వికెట్లు సున్నా. ఛైర్మన్ సార్ ఫోన్ చేసి, "ఏమయ్యా, వికెట్ లేనివాడి పేరు పైన పెట్టావేంటి?" అన్నారు. ఏడో ఓవర్ క్లిప్ పంపాను. చూశానన్నారు, ఏమీ తేల్చలేదు. అయినా పదహారు మందిలో చివరి పేరుగా వాడిని తీసుకున్నారు. మొదటి మ్యాచ్ ఉత్తరాదిన, డిసెంబరు చలిలో, పచ్చిక ఉన్న పిచ్ మీద. వాడిని ఆడించరనే అనుకుంటున్నాను. ఆడిస్తే మాత్రం మొదటి రోజే బంతి ఇవ్వమని కెప్టెన్‌కు ఓ మాట చెప్పి ఉంచాను.